చెబితే పనిచేయని మందు

సౌదీ నుంచి మా అన్న ఛుట్టీ మీద ఇంటికి వచ్చిన నాడు, చూడవచ్చిన వాళ్లందరూ గమనించిన సంగతి ఒక్కటే. ఆయన కూర్చోలేదు. వదినె వాకిట్లో కొత్త ప్లాస్టిక్ కుర్చీ వేసి, దాని మీద ఉతికిన తువాల పరిచింది. వచ్చినవాళ్లు చాప మీద, గడప మీద, అరుగు అంచున సర్దుకున్నారు. అన్న మాత్రం గుంజకు భుజం ఆనించి, నిలబడే చాయ్ తాగి, నిలబడే పిల్లలకు చాక్లెట్లు పంచాడు.

"ఏందిరా, దుబాయ్ పోయి కూసునుడు మర్సినవా?" అని పక్కింటి పెద్దమ్మ అడిగింది. లక్సెట్టిపేట చుట్టుపక్కల మా ఊళ్లలో గల్ఫ్ దేశాలన్నిటికీ దుబాయ్ అనే పేరు.

"విమానంల కూసుండి కూసుండి నడుం పట్టింది పెద్దమ్మా."

"అట్లయితే ఆ కుర్సీ ఇటు తే. నాకు నిలవడి నిలవడి కాళ్లు పట్టినయ్."

అందరూ నవ్వారు. అన్న కూడా నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆయన ముఖం ఒక్క క్షణం బిగుసుకుపోవడం నేను చూశాను. ప్రయాణపు అలసట అనుకున్నాను.

మా అన్న అక్కడ ట్రైలర్ డ్రైవర్. బాపు, మా నాన్న, చనిపోయినప్పుడు అన్న పదో తరగతి. పుస్తకాలు నా చేతికిచ్చి తాను లారీ క్లీనర్‌గా ఎక్కాడు. ఆ తర్వాత విమానం ఎక్కాడు. ఆయన పంపినదానితో నేను డిగ్రీ పూర్తి చేశాను. మా వంశంలో పట్టా పుచ్చుకున్న మొదటివాడిని నేనే. ఇప్పుడు మంచిర్యాలలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంట్‌ని. చదివినది కామర్స్ అయినా, ఇంటికి ఏ కాగితం వచ్చినా, ఏ గోలీ పెట్టె వచ్చినా నా ముందే పెడతారు. "డిగ్రీ సదివినవ్ గదా, గిదేందో సూడు" అంటుంది అవ్వ, అంటే మా అమ్మ. తెలియదని చెప్పే హక్కు మా ఇంట్లో నాకు లేదు.

మరునాడు తెల్లవారి అన్న నన్ను ఇంటి వెనక స్నానాల గది దగ్గరికి పిలిచాడు. చేతిలో చుట్టచుట్టిన పాత లుంగీ ముక్క ఉంది. దాని మీద పసుపుపచ్చని చీము, కొంచెం నెత్తురు.

"మొలలు తమ్మీ. రెండేండ్ల సంది ఉన్నయ్. మందు తింటున్న."

"ఏం మందు?"

ఆయన వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "చెప్పద్దు గదరా."

ఆ మాటతో నాకు అర్థమైంది. చెన్నూరు దిక్కున ఒక పెద్దాయన మొలలకు చెట్ల మందు ఇస్తాడని మా వైపు ప్రతి ఇంటికీ తెలుసు. నల్లటి గోలీలు. పరగడుపున అరటిపండు ముక్కలో పెట్టి మింగాలి. ఆయన ఎవరినీ పైసలు అడగడు. కొబ్బరికాయ, అగరువత్తులు చాలు. షరతు మాత్రం ఒకటి పెడతాడు. ఆ మందు తింటున్నట్టు ఎవరికీ చెప్పకూడదు. తగ్గిందని చెప్పకూడదు, తగ్గలేదని అంతకన్నా చెప్పకూడదు. నోరు విప్పితే మందు పనిచేయదు. అందుకే రోగి వెళ్లడు. ఇంట్లో ఆడవాళ్లెవరో వెళ్లి, పేరెత్తకుండా, "మా ఇంట్ల ఒకలకు" అని అడిగి తెస్తారు. మా వైపు నుంచి ఎవరు గల్ఫ్‌కు పోతున్నా, వాళ్ల సంచిలో నలుగురైదుగురి ఇళ్ల పచ్చళ్లు, కారప్పొడి, సకినాలు ఉంటాయి. వాటి అడుగున ఒక పత్రిక కాగితపు పొట్లం ఉంటుంది. తీసుకుపోయేవాడు అదేమిటని అడగడు. ఇచ్చినవాళ్లు చెప్పరు.

అవ్వ రెండేళ్లుగా అలాంటి పొట్లాలు పంపుతూనే ఉందట. సౌదీలో ఎనిమిది మంది ఉండే గది నుంచి, వీడియో కాల్‌లో అన్న "కింద జర బాగలేదే" అన్నాడు. అవ్వ "సరే" అంది. అంతకు మించి తల్లీకొడుకుల మధ్య ఒక్క మాట జరగలేదు. ఆ మందుతో తగ్గనివాడు ఉన్నాడని మా చుట్టుపక్కల ఎవరూ వినలేదు. నిజమే. తగ్గనివాడికి చెప్పుకోవడానికి నోరు లేదు.

"నాకు చెప్తివి గదా అన్నా, ఇగ పనిచెయ్యది," అన్నాను, ఆయనను నవ్వించడానికి.

"ఇన్నొద్దులు చెప్పకుంటే ఏం చేసింది?" అన్నాడు ఆయన. నవ్వలేదు.

అప్పుడు మొత్తం చెప్పాడు. మలద్వారానికి పక్కగా ఒక గడ్డ లేస్తుంది. రెండు మూడు రోజులు సలుపు, చలిజ్వరం. ట్రైలర్ సీటు మీద దిండు వేసుకుని, ఒక పిర్ర మీద బరువు మోపి, ఎడారి రోడ్డు మీద గంటలు గంటలు నడిపేవాడు. తర్వాత అది తనంతట తానే పగులుతుంది. చీము పోయి, ప్రాణం హాయిగా ఉంటుంది. మందు పనిచేసిందనుకుంటాడు. కొన్నాళ్లు లోదుస్తులు తడిగా, దురదగా ఉంటాయి. పైన ఆ రంధ్రం పూడుకుంటుంది. పూడుకున్న కొన్ని వారాలకు మళ్లీ గడ్డ. పగిలిన ప్రతిసారీ ఆయన రోగం పోయిందనే అనుకున్నాడు. ఇంటికి చెప్పకపోవడానికి కారణం పెద్దదేమీ కాదు. ఆ గదిలో ఉన్నవాళ్లంతా మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. ఒకడికి తెలిస్తే పొద్దు గుంకేలోగా ఆయన అత్తగారి ఊరికి తెలుస్తుంది.

వెంటనే ఆసుపత్రికి పోదామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. తెచ్చిన సామాన్లు ముందు ఎవరివి వాళ్లకు చేర్చాలట. ఛుట్టీ మీద వచ్చినవాడు తోటివాళ్లు ఇచ్చి పంపిన సబ్బులు, బాదంపప్పు, ఫోన్లు వాళ్ల ఇళ్లలో స్వయంగా అందించి, "మంచిగున్నడు, ఫికర్ చెయ్యకుండ్రి" అని చెప్పి రావాలి. అది మా దగ్గర తప్పించుకోలేని మర్యాద. మోటారు సైకిల్ మీద, గుంతలు వచ్చినచోటల్లా ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడుతూ, మంథని దాకా తిరిగాడు. పోయిన ప్రతి ఇంట్లో కుర్చీ వేశారు. ప్రతి ఇంట్లో నిలబడ్డాడు. ఆఖరి ఇంటి నుంచి వచ్చిన సాయంత్రం ఆయనకు ఒళ్లు కాలిపోతోంది. మంచం మీద బోర్లా పడుకుని, దిండులో ముఖం పెట్టి మూలిగాడు. గడ్డ మళ్లీ లేచింది. ఈసారి నిమ్మకాయంత.

పొద్దున్నే కరీంనగర్ బస్సు ఎక్కాం. బస్సులో సగం సీట్లు ఖాళీ. అన్న కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. గోదావరి వంతెన దాటేదాకా కండక్టర్ ఓపిక పట్టాడు.

"అంత జాగ ఉన్నది గదనే, కూసోవేంది?"

"నిలవడి పోతనని మొక్కిన అన్నా."

"ఏ దేవునికి?"

"గా దేవునికే ఎర్క లేదు."

కండక్టర్ నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

కరీంనగర్‌లో మేము చూపించుకున్న సర్జన్ నడివయసు మనిషి; ఈ ప్రాంతం వాడే. అన్నను ఎడమ పక్కకు ఒరిగి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకోమన్నాడు. నన్ను తెర ఇవతల ఉండమన్నాడు. తెర వెనక నుంచి అన్న గొంతు చిన్నపిల్లవాడి గొంతులా వినిపించింది. బయటికి వచ్చాక డాక్టర్ చేతులు కడుక్కుంటూ అడిగాడు.

"మొలలని ఎవలు చెప్పిండ్రు?"

అన్న నేల చూశాడు. "ఎవలు చెప్పలే సారూ. కింద ఏదైన అయితే మొలలే అంటరు గదా."

"గదే తకలీఫ్. గిది మొలలు కాదు. ఫిస్టులా. పాతకాలపోళ్లు భగందరం అంటరు." ఆయన ఒక చీటీ వెనక గీత గీసి చూపించాడు. మలద్వారం లోపలి గోడలో చిన్న చిన్న గ్రంథులు ఉంటాయి. వాటిలో ఒకటి మూసుకుపోయి కుళ్లితే చీము గడ్డ అవుతుంది. ఆ చీముకు పోవడానికి దారి కావాలి. అది కండరాల మధ్య నుంచి తొలుచుకుంటూ బయట చర్మం మీద తేలుతుంది. అలా లోపలికీ బయటికీ నడుమ ఒక సన్నని సొరంగం మిగిలిపోతుంది. లోపలి నోటి నుంచి మలినం చేరుతూనే ఉంటుంది కాబట్టి ఆ సొరంగం తనంతట తాను మానడం అరుదు.

అన్న ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. "అంటే పొలం ఒడ్డుకు ఎండ్రికాయ బొక్క పడ్డట్టా సారూ? బయటికెళ్లి ఎంత మన్ను కొట్టినా ఆగది. లోపటి బొక్క దొరకాలె."

డాక్టర్ తలెత్తి ఆయన వైపు చూశాడు. "గంతే. నువ్వు ఏ గోలీలు మింగినా, యాంటిబయాటిక్‌లు తిన్నా, అన్ని బయటి మన్నే."

"సీట్ల కూసుండి కూసుండి అయిందా సారూ? వేడితోనా? కారంతోనా?"

"కూసుంటే నొప్పి ఎక్కువైతది గానీ, కూసుండుడుతోని గిది పుట్టదు. కారంతోని గూడ కాదు. ఎవలకన్న రావచ్చు. కొందరికి టీబీతోని అయితది, కొందరికి పేగుల జబ్బుతోని. గందుకే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతం."

టీబీ అనే మాట వినగానే అన్న చెయ్యి నా మోచేతిని పట్టుకుంది. గల్ఫ్‌కు పోయేవాడికి ఆ మాట కన్నా భయంకరమైనది లేదు. మెడికల్ పరీక్షలో ఆ ముద్ర పడితే దారి మూసుకుపోయినట్టే. ఆయన మిగతాదేదీ విన్నట్టు లేడు. "రెండు నెలలే ఛుట్టీ సారూ. అప్పటిదాక పోకుంటే వీసా పోతది. మొదటికెళ్లి మల్ల మొదలువెట్టాలె," అన్నాడు.

ఎంఆర్ఐ తీయించాక రిపోర్టు కవరు నా చేతికే వచ్చింది. బస్టాండులో బెంచీ మీద కూర్చుని, ఫోన్‌లో నిఘంటువు తెరిచి, ఒక్కొక్క పదం వెతికాను. అన్న నా ఎదురుగా నిలబడి నా ముఖం చూస్తున్నాడు. పదాలకు అర్థాలు దొరికాయి. వాక్యానికి అర్థం దొరకలేదు. "ఏం రాసిండ్రు?" అని అడిగాడు. "రేపు సారే చెప్తడు," అన్నాను. ఆయనకు నా చదువు మీద ఉన్న నమ్మకం ఆ జవాబుతో కూడా తగ్గలేదు. ఏదో పెద్ద సంగతి దాస్తున్నాననుకుని ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

సంగతి నిజంగానే పెద్దదని మరునాడు సర్జన్ మాటల్లో తెలిసింది. మలాన్ని ఆపి ఉంచే కండరం ఒకటి అక్కడ ఉంగరంలా ఉంటుందట. కొందరి సొరంగం దాని అంచున పోతుంది. వాళ్లకు సొరంగాన్ని పొడుగునా కోసి తెరిచేస్తే, అడుగు నుంచి మాంసం పెరిగి కొన్ని వారాల్లో మానుతుంది. అన్నకు అది కండరంలో ఎక్కువ భాగాన్ని తొలుచుకుని పోయింది.

"ఒక్కటేసారి కోసెయ్యుండ్రి సారూ. ఎంత నొప్పయినా ఓర్సుకుంట."

"కోస్త. పుండు జల్దీ మానుతది. తర్వాత దొడ్డికొస్తే ఆపుకునే బలం ఉండకపోవచ్చు. గాలి గూడ నీ చేతుల ఉండది. ట్రైలర్ నడిపేటోనివి. నడి ఎడారిల బండి ఆపి ఎన్నిసార్లు దిగుతవ్?"

అన్న రిపోర్టు కవరును బల్ల మీద డాక్టర్ వైపు జరిపాడు.

"దారం ఏస్త. సొరంగంల నుంచి దారం తీసి బయట ముడేస్త. చీము లోపట నిలవకుండ గా దారం పొంటి కారుకుంట పోతది. కొన్ని నెలలకు లోపల వాపు తగ్గుతది. అప్పుడు కండరం కోయకుండనే లోపటి నోరు మూసే ఆపరేషన్ చేస్త. మల్ల రానే రాదని మాత్రం రాసియ్యను."

"కొన్ని నెలలా?" అన్నాడు అన్న. ఆ మాట డాక్టర్‌ను అడిగినట్టు లేదు. గోడ మీది క్యాలెండర్‌ను అడిగినట్టు ఉంది.

ఇద్దరం బయట వరండాలోకి వచ్చాం. ఆయన నాతో ఒక్క మాటే అన్నాడు. "నౌకరీ పోతే ఇంకోటి దొరుకుతదేమో తమ్మీ. గా ఆపుకునే బలం పోతే మనుషులల్ల ఎట్ల తిరుగుత?" అలా దారం నిర్ణయమైంది.

నడుముకు మత్తు ఇచ్చి చీము తీసి, దారం వేశారు. పరీక్షకు పంపిన ముక్కలో టీబీ లేదని తేలిన రోజు అన్న ఆసుపత్రి క్యాంటీన్‌లో మొదటిసారి కుర్చీ అంచున ఒక నిమిషం కూర్చుని ఇడ్లీ తిన్నాడు. ఆ తర్వాత ఇంట్లో మొదలైన రోజులను నేను వివరంగా రాయలేను. అవన్నీ ఒకే రోజులా ఉంటాయి. పొద్దున లేవగానే బకెట్ నీళ్లు కాచాలి. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోయాలి. మలవిసర్జన అయ్యాక ఆయన అందులో కాసేపు కూర్చోవాలి. తర్వాత పుండు చుట్టూ మెత్తగా ఒత్తి ఆరబెట్టి, శుభ్రమైన గాజుగుడ్డ పెట్టాలి. దారం లాగకూడదు. అది ఎంత కారినా భయపడకూడదు. కారడమే దాని పని.

ఆ పని వదినె చేస్తానంది. అన్న వద్దన్నాడు. "ఆమె రోజు గిది సూస్తే నన్ను మల్ల ఎట్ల సూస్తది? నువ్వు చెయ్యి తమ్మీ." నేను చేశాను. వంగి కూర్చున్న నాకు ఆయన ముఖం కనబడదు, ఆయనకు నాది కనబడదు. అలా మేము చిన్నప్పటి తర్వాత ఎన్నడూ మాట్లాడుకోనన్ని మాటలు మాట్లాడుకున్నాం. చేతులు కడుక్కుని, మంచిర్యాల బస్సు పట్టుకుని, పగలంతా ఫైళ్ల ముందు కూర్చుని, సాయంత్రం వచ్చి మళ్లీ నీళ్లు కాచేవాడిని. ఆఫీసులో నా చేతులకు డెట్టాల్ వాసన వస్తోందని ఒకరు అన్నారు. చేతులు బల్ల కిందికి తీసుకున్నాను.

అవ్వతో వేరే యుద్ధం. మలం గట్టిపడకూడదని, ఆకుకూరలు, పప్పు, పండ్లు, నీళ్లు బాగా ఇవ్వమని, ఇసబ్‌గోల్ కలిపి తాగించమని డాక్టర్ చెప్పాడు. అవ్వ పప్పు గిన్నె మీద మూత తీయనివ్వలేదు.

"పప్పు తింటే చీము పడ్తది."

"సారే తినుమన్నడే అవ్వా."

"సారుకేం ఎర్క? పెద్ద సదువు సదివిండు గానీ, పుండు మీద పప్పు తిన్నడా ఎన్నడన్న?"

ఆ వాదనకు నా పట్టా సరిపోలేదు. వదినె రెండు పూటలా పాలకూరలో పప్పు మెదిపి, కనబడకుండా కలిపి పెట్టింది.

ఛుట్టీ ముగియవచ్చింది. గడువు పెంచాలంటే కంపెనీతో మాట్లాడగలిగినవాడు ఒక్కడే, అన్న గదిలోనే ఉండే మంథని దిక్కు పెద్దమనిషి. అందరూ ఆయన్ను కాక అంటారు. చాలా ఏళ్లుగా అక్కడే ఉండి అరబీ నేర్చుకున్నాడు. కాలు విరిగిందని చెప్దామా అని అన్న రెండు రోజులు ఆలోచించాడు. ఆసుపత్రి కాగితం పంపమంటారని నేను గుర్తు చేశాను. అందులో ఉన్నదే ఉంటుంది.

అక్కడ వాళ్లకు సెలవైన ఒక శుక్రవారం మధ్యాహ్నం, నేనూ ఆఫీసుకు సెలవు పెట్టి ఇంట్లో ఉండగా, అన్న కాకకు ఫోన్ చేశాడు. గదిలో వంట వాసన తప్ప మిగతావన్నీ ఆ ఫోన్‌లో వినిపించాయి. స్పీకర్ ఆపే అలవాటు కాకకు లేదు.

"ఏం బిడ్డా, నడుం మంచిగైందా?"

ఆ గదిలో కూడా నడుం నొప్పనే చెప్పుకున్న అన్న గుంజ పట్టుకున్నాడు. అవ్వ గడపలో ఉంది, వదినె పొయ్యి దగ్గర ఉంది. "నడుం కాదు కాకా. నాకు దొడ్డి తానం పక్కన ఫిస్టులా అయింది. చీము కారుతది. ఆపరేషన్ చేసి దారం ఏసిండ్రు. ఇంకో ఆపరేషన్ ఉన్నది. రెండేండ్ల సంది మొలల మందు తిన్న, పనిచెయ్యలే."

అవ్వ చేతిలోని చేట కింద పెట్టింది. అవతల గదిలో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత ఒకడు నవ్వాడు.

"గందుకేనారా సీటు మీద గా దిండు? మేమేమో మీ అత్తగారు కుట్టిచ్చిండ్రు అనుకుంటిమి!"

ఇంకొందరు నవ్వారు. అన్న నవ్వులు ఆగేదాకా ఉన్నాడు. కాక గొంతు వచ్చింది. "సప్పుడు చెయ్యకుండ్రి. కాగితం పంపు బిడ్డా. నేను మాట్లాడ్త."

అన్న ఫోన్ పెట్టేసి, స్నానాల గదికి పోయి, చాలాసేపు నీళ్లు పోసుకున్నాడు.

ఆ సాయంత్రమే మళ్లీ ఫోన్ మోగింది. మధ్యాహ్నం మొదట నవ్విన వాడే. ఈసారి స్పీకర్ లేదు. వాడు మిద్దె మెట్ల మీద నుంచి గుసగుసగా మాట్లాడుతున్నాడు. తర్వాతి వారం ఇంకొకడు. ఆ తర్వాత పక్క గదివాడు. "అన్నా, గా మందు నేను గూడ తింటున్న. అమ్మ పంపుతది. తక్కువైతలేదు." అన్న ఒక్కొక్కరికీ గోడకు ఆనుకుని నిలబడి ఓపికగా చెప్పేవాడు. ఆయన మాటల్లో డాక్టర్ బొమ్మ ఉండేది, ఎండ్రికాయ బొక్క ఉండేది. "దొడ్డికి పోయినప్పుడు నెత్తురు చుక్కలు పడి, నొప్పి లేకుంటే మొలలు కావచ్చు, గానీ నెత్తురు పడ్తే ఊకోకు, సూపిచ్చుకో. పక్కకు గడ్డ లేసి, పగిలి, ఆరి, మల్ల ఆడనే లేస్తుందా? చెడ్డీకి చీము అంటుతుందా? జరం వస్తుందా? అయితే గిది గిదే. నువ్వే పిసుకద్దు. మంగలోనితోని, ఇంజక్షన్ డాక్టర్‌తోని కోయించకు. ఆడ క్లినిక్‌ల సర్జన్ ఉంటడు, పో. సిగ్గు పోతే మల్ల వస్తది. కండరం పోతే రాదు."

చివరి మాట ఆయన సొంతం.

కంపెనీ ఒకసారి గడువు పెంచింది. ట్రైలర్‌ను వేరేవాడికి ఇచ్చింది. రెండో ఆపరేషన్ అయ్యాక దారం తీశారు. పుండు పూర్తిగా ఆరకముందే పెంచిన గడువు కూడా దగ్గరపడింది. డాక్టర్ చూసి, మానుతున్నదని, మళ్లీ గడ్డ గాని జ్వరం గాని వస్తే ఆలస్యం చేయవద్దని చెప్పి పంపాడు. అన్న తన డ్రెస్సింగ్ తానే చేసుకోవడం నేర్చుకున్నాడు. చిన్న అద్దం నేల మీద పెట్టుకుని, మొదటి రోజు దూదిని తప్పుచోట అద్దుకుని, "గిదేం చదువురా నాయినా" అని తనను తానే తిట్టుకున్నాడు.

ప్రయాణానికి ముందు రోజు ఇంటి నిండా సంచులు. అందరి పచ్చళ్లు వచ్చాయి. పక్కింటి పెద్దమ్మ కూడా వచ్చింది. ఆమె కొడుకు పోయినేడే అన్న ఉండే క్యాంపుకే పోయాడు. మామిడికాయ తొక్కు డబ్బా ఇచ్చి, దాని పక్కన పత్రిక కాగితపు పొట్లం పెట్టింది.

అన్న పొట్లం చేతిలోకి తీసుకున్నాడు. "గిదేంది పెద్దమ్మా?"

మా వాకిట్లో ఆ ప్రశ్న ఎవరూ అడగగా నేను వినలేదు. పెద్దమ్మ కూడా వినలేదు. "ఏదో ఒకటి. తీస్కపో బిడ్డా, అడగద్దు."

"తొక్కు తీస్కపోత. గిది తీస్కపోను. ఆనికేమైందో నాకు చెప్పుమను. నేనే దావఖానకు తోల్కపోత."

"ఆనికేం కాలే! మా ఇంట్ల ఎవలకేం కాలే!" ఆమె గొంతు లేచింది. "నీకు పనిచెయ్యకుంటే లోకానికి చెయ్యదా? నోట్లె మాట ఆగనోనికి ఏ మందు పనిచేస్తది?"

అంతకు కొన్ని నెలల ముందు ఆమె అడిగిన కుర్చీ పక్కనే ఉంది. అన్న దాన్ని ఆమె దగ్గరికి జరిపాడు. ఆమె కూర్చోలేదు. పొట్లం కొంగున కట్టుకుని వెళ్లిపోయింది. ఆ వారంలోనే చెన్నూరు నుంచి పోయే ఒకాయన సంచిలో అది వెళ్లిందని అవ్వ తర్వాత చెప్పింది. అవ్వకు ఎలా తెలిసిందో నేను అడగలేదు.

వదినె లోపలి నుంచి చాయ్ తెచ్చింది. అన్న ఆ కుర్చీలో మెల్లగా, ముందు ఒక పక్క, తర్వాత రెండో పక్క మోపి, కూర్చున్నాడు. మూడు గుక్కలు తాగేదాకా కూర్చున్నాడు. తర్వాత లేచి సంచులకు తాళ్లు కట్టడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు అక్కడ ఆయనకు ట్రైలర్ లేదు. చిన్న వ్యాన్ ఇచ్చారు, తక్కువ దూరాలు. వారానికోసారి ఫోన్ చేస్తాడు. "గడ్డ లేసిందా?" అని అడుగుతాను. "లేదు," అంటాడు. "తడి?" అంటాను. "జర," అనో, "లేదు," అనో అంటాడు. పెద్దమ్మ కొడుకు గురించి కూడా అడుగుతాను. వాడు అన్నతో ఇంకా మాట్లాడలేదు. పని నుంచి రాగానే గోడకు ఆనుకుని నిలబడి అన్నం తింటాడట.

"నేను గూడ ఆని పక్కన నిలవడే తింటున్న," అన్నాడు అన్న మొన్న. "ఏదో ఒక పొద్దు చెప్తడు."